వాసెన కట్టిన బ్రేకు ఆయిల్

"పారేయలేదంటున్నాను కదా! చోటు మార్చాను. చోటు మార్చడం వేరు, పారేయడం వేరు," అంది వాగ్దేవి, పొయ్యి మీద పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

"అసలు చోటెందుకు మార్చాలి? ఇన్నేళ్లుగా అది ఈ అటక మీదే ఉంది," అన్నాడు గౌరీశంకర్. అతను స్టూలెక్కి, అటక మీద భుజం దాకా చెయ్యి దూర్చి తడుముతున్నాడు.

"ఆవకాయ జాడీకీ నువ్వుల నూనె డబ్బాకీ మధ్య కారు బ్రేకులో పోసే ఆయిలేటండీ? ఏదో ఒక రోజు ఎవరో ఒకరు దాంతో తాలింపు పెట్టేస్తారు."

"ఇన్నేళ్లలో ఎవరూ పెట్టలేదే!"

"పెట్టి తిన్నాక చెప్పడానికి మనిషి మిగలాలి కదండీ."

పూజ మూల నుంచి అత్తగారు బాలాంబ గొంతు వచ్చింది. "లక్ష్మీవారం పూట పొద్దున్నే ఏటర్రా ఆ రాద్ధాంతం? లచ్చిందేవి గుమ్మందాకా ఒచ్చి, మీ గొంతులినేసి పక్కింటికి ఎల్లిపోతాది. ఆ పాణిగ్రాహి గారోల్లకి ఇప్పటికే రెండు మేడలున్నాయి."

"నేనేమన్నానమ్మా? నా డబ్బా నాకిమ్మంటున్నాను."

"ఇచ్చీవే కోడలా. ఈ పూట ఇంట్లో ఏదీ ఎలితిగా ఉండకూడదు."

అదీ అసలు సంగతి. మార్గశిర మాసం లక్ష్మీవారాల్లో ఆ ఇంట్లో ఏ గిన్నే తరిగి కనబడకూడదు. బరంపురంలో ఒడియావాళ్లు ఆ వారాల్లో మాణబసా చేసుకుంటారు. కొలిచే మానిక నిండా కొత్త ధాన్యం శిఖరంలా పోసి, దాన్నే లక్ష్మిగా కొలుస్తారు. కొత్త కోడలిగా ఈ ఊరొచ్చిన రోజుల్లో బాలాంబ దాన్ని పక్కింటి గోడ మీంచి చూసి ముచ్చటపడింది. తమ వైపు లక్ష్మీవారం నోముకి దాన్ని కలిపింది. అప్పట్నించీ బియ్యం డ్రమ్ము, పప్పుల డబ్బాలు, ఉప్పు జాడీ, నీళ్ల బిందె అన్నీ అంచుల దాకా నిండాల్సిందే. తల్లి మాట జవదాటని గౌరీశంకర్ ఆ నియమాన్ని వాకిట్లో ఉన్న కారుకి కూడా వర్తింపజేశాడు. పెట్రోలు నిండా. అద్దాలు కడిగే నీళ్లు నిండా. చివరికి బానెట్టు ఎత్తి, మూలనున్న చిన్న తెల్ల బుడ్డిలో బ్రేకు ఆయిలు నిండా.

ఆ బుడ్డి మీద రెండు గీతలుంటాయి. ఆయిల్ ఆ రెండింటి మధ్యా ఉంటే చాలునని కారు చేసినవాళ్ల ఉద్దేశం. గౌరీశంకర్ ఉద్దేశం వేరు. పై గీత కూడా మునిగి, మూత బిగిస్తుంటే ఇంత అంచుల మీంచి ఒలికితేనే గానీ అతనికి నోము చేసినట్టుండేది కాదు.

ఇక అతను వెతుకుతున్న డబ్బా. ఎప్పుడో కొన్నది. దాని మూత కొన్న వారంలోనే కాలవలోకి దొర్లిపోయింది. మూత లేని సీసాని చూస్తే బాలాంబకి చేతులూరుకోవు. పాత నేతచీర ముక్క చించి, పసుపు నీళ్లలో జాడించి ఆరబెట్టి, డబ్బా మూతికి వాసెన కట్టింది. ఆవకాయ జాడీకి ఎలా కడుతుందో అలాగే, అదే తాడుతో, అదే ముడితో. ఏటా మార్గశిరంలో ఆవకాయ వాసెన మార్చినప్పుడు దీని వాసెనా మార్చేది. అందుకే అది ఆవకాయ పక్కన చేరింది. వాగ్దేవికి తప్ప ఇంట్లో ఎవరికీ అందులో వింత కనబడలేదు.

"నాన్నా, ఇదేనా?" అంటూ వాళ్లమ్మాయి సౌందర్య పెరట్లోంచి వచ్చింది. కాలేజీకి తయారై, ఒక చేత్తో దువ్వెన, రెండో చేత్తో పసుపుగుడ్డ కట్టిన డబ్బా. "వాషింగ్ మెషిన్ వెనకాల ఉంది, ఫినాయిల్ పక్కన."

"ఫినాయిల్ పక్కన పెట్టేవా?" అన్నాడు గౌరీశంకర్ భార్య వైపు చూస్తూ. ఆ గొంతులో బాధ విని, పాలు దించిన వాగ్దేవికి నవ్వాగలేదు.

నిజానికి ఆమె కోపం డబ్బా మీద కాదు. డబ్బా ఒక సాకు. ఆమె పర్సులో, ప్లాస్టిక్ కవర్లో, దసరా ముందు వచ్చిన డ్రైవింగ్ లైసెన్సుంది. వాగ్దేవి ఛత్రపూర్లో ప్రభుత్వ కార్యాలయంలో లెక్కల విభాగంలో పనిచేస్తుంది. రోజూ బస్సు. పొద్దున్న నిలబడి వెళ్లడం, సాయంత్రం ఇంకొకరి బుట్టలోని ఎండుచేపల పక్కన కూర్చుని రావడం. యాభైకి దగ్గరపడుతూ ఆమె డ్రైవింగ్ స్కూల్లో చేరి, కుర్రాళ్ల మధ్య నేర్చుకుని, పరీక్ష ఒక్కసారికే ప్యాసయింది. వాకిట్లో కారుంది. మొగుడు వేసవిలో రిటైరై ఇంట్లో ఉన్నాడు. కారు మాత్రం ఆమెకి రాలేదు.

"అమ్మణ్ణి నీ మాట వినదే," అనేవాడు గౌరీశంకర్.

అమ్మణ్ణి అంటే కారు. తెల్లటిది. నంబరు ప్లేటు మీద ఇంకా ఒరిస్సా అన్న నాటి పాత ఓఆర్ అక్షరాలే. సౌందర్య తప్పటడుగులు వేస్తున్న రోజుల్లో కొన్నారు. ఇంటికి రెండో ఆడపిల్ల వచ్చిందని బాలాంబ హారతిచ్చి ఆ పేరు పెట్టింది. చిన్నప్పుడు అన్నీ సవ్యంగానే ఉండేవి. గత కొన్నేళ్లుగా దాని బ్రేకుకి ఒక అలవాటు వచ్చింది. ఒకసారి తొక్కితే మెత్తగా లోపలికి పోతుంది. వెంటనే రెండోసారి తొక్కితే అప్పుడు ఆగుతుంది.

"మొదటి తొక్కు పలకరింపు, రెండో తొక్కు పని," అని గౌరీశంకర్ సిద్ధాంతం. "ముందు పలకరించకుండా పని చెబితే ఏ ఆడపిల్ల వింటుంది? ఆ లయ నా కాలికొక్కదానికే తెలుసు. నువ్వు పక్కన కూర్చుని ఓ ఏడాది చూడు. అదే వస్తుంది."

వాగ్దేవి చూస్తూనే ఉంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఏదో ఒక బండి మీద ఆయన పక్కనో వెనకో కూర్చుని చూస్తూనే ఉంది.

ఆ లక్ష్మీవారం కూడా అమ్మణ్ణి బుడ్డి నిండింది. గౌరీశంకర్ డబ్బా వాసెన విప్పి, పోసి, తల్లికిచ్చి మళ్లీ కట్టించి, తృప్తిగా చేతులు కడుక్కున్నాడు. ఆ తృప్తి వేడి తగ్గకముందే వాగ్దేవి కాఫీ ఇచ్చి అడిగింది.

"ఆదివారం తారాతారిణి కొండకెళ్దామన్నారు కదా. వచ్చేటప్పుడు కొండ కింద నించి మెయిన్ రోడ్డు దాకా నాకివ్వండి. చదును రోడ్డే. జనం కూడా ఉండరు."

కాఫీ బాగుంది. బుడ్డి నిండుగా ఉంది. గౌరీశంకర్ కాదనలేకపోయాడు. "సరే. కొండ కింద నించి. నేను చెప్పినట్టు తొక్కాలి."

"పలకరించే తొక్కుతాను," అంది వాగ్దేవి.

ఆదివారం కొండెక్కడం బాగానే జరిగింది. అమ్మవార్లిద్దరి దర్శనమైంది. బాలాంబ కొబ్బరికాయ కొట్టి, పైనించి ఋషికుల్య ఏరు చూసి, "గంగమ్మకి అక్క కాదేటి" అని దణ్ణం పెట్టింది. వాగ్దేవి దణ్ణం పెడుతున్నా మనసు మాత్రం కొండ కింద చదును రోడ్డు మీదే ఉంది. ఏ మలుపు దాటాక సీటు మారాలో కూడా ఎక్కుతున్నప్పుడే చూసి పెట్టుకుంది.

దిగడం మొదలైంది. గౌరీశంకర్ పై గేరులోనే ఉంచి, బ్రేకు మీద కాలు తీయకుండా దింపుతున్నాడు.

"దిగేటప్పుడు గేరు తగ్గించాలండీ. స్కూల్లో మాస్టారు మరీమరీ చెప్పేరు."

"ఇంజనుని ఏడిపించడం దేనికి? బ్రేకున్నది ఎందుకు మరి?"

రెండు మలుపులు దాటాక ఏదో మాడిన వాసనొచ్చింది. "ఎవులో గారెలు మాడ్సీసినట్టున్నారు," అంది వెనక సీట్లోంచి బాలాంబ. కొండ మీద గారెలెవరు వేస్తున్నారని సౌందర్య కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది.

ఆఖరి మలుపు దగ్గర అమ్మణ్ణి మొదటి తొక్కుకి పలకలేదు. రెండో తొక్కుకి పని జరగలేదు. మూడోసారి తొక్కితే పెడలు, పొంగిన పూరీ మీద వేలు పెట్టినట్టు, అలా కిందికంటా దిగిపోయింది.

"పలకట్లేదు," అన్నాడు గౌరీశంకర్, ఫోను గురించి చెబుతున్నట్టు.

"ఏటి పలకట్లేదు?"

"బ్రేకు."

"గేరు తగ్గించండి! రెండు! రెండులో వేయండి! ఇప్పుడు ఒకటి!" అంటూనే వాగ్దేవి మధ్యలో ఉన్న హ్యాండ్ బ్రేకు పట్టుకుంది. ఒక్కసారిగా లాగితే బండి తిరిగిపోతుందని మాస్టారు చెప్పిన మాట చేతికి గుర్తుంది. కొంచెం లాగి, కొంచెం వదిలి, మళ్లీ కొంచెం లాగింది. అమ్మణ్ణి మూలిగింది, గునిసింది, రోడ్డు పక్క ఎవరో ఇల్లు కట్టుకోడానికి పోయించుకున్న ఇసక కుప్పలో ముక్కు పెట్టి నిలబడింది. కుప్ప మీద పడుకున్న మేక లేచి, ఒళ్లు విరుచుకుని, తొందరేమీ లేనట్టు అవతలికి దిగింది.

బాలాంబ వెనక సీట్లోంచే కొండ వైపు తిరిగి చేతులు జోడించింది.

"తల్లీ తారాతారిణీ," అంది. "కాయ కొట్టిన గంటకే పని సేసీసినావు. ఇంత తొరగా అనుకోనేదే తల్లీ."

దిగి, చెట్టు నీడన కూర్చుని, ప్రసాదం కొబ్బరి తిన్నారు. గౌరీశంకర్ కొబ్బరి ముట్టలేదు. మాటిమాటికీ వెళ్లి పెడలు నొక్కి చూస్తున్నాడు. చక్రాల వేడి తగ్గేక మళ్లీ నొక్కితే, విచిత్రం, పెడలు ఎప్పటిలాగే ఉంది. ఒకటి పలకరింపు, రెండోది పని.

అతని మొహం వెలిగింది. "చూశారా? అలక. తీరిపోయింది."

వాగ్దేవి లేచి కొంగు దులుపుకుంది. "మరి చదును రోడ్డొచ్చింది కదా. నాకిస్తానన్నారు."

"ఈ పరిస్థితిలో నీకెలా ఇస్తానే? ఇందాక ఆ సీట్లో నువ్వుంటే ఏమయ్యేది? అనుభవమున్న కాలు కాబట్టి సరిపోయింది."

"నాన్నా, బండి ఆపింది అమ్మ చెయ్యి," అంది సౌందర్య.

"కాలికి తోడు చెయ్యి. నేను కాదన్నానా?"

వాగ్దేవికి ఆ క్షణాన అర్థమైంది. బ్రేకు పాడై ఉన్నంత కాలం ఈ కారు తనకి రాదు. మొగుడికది జబ్బు కాదు, కారుకి వేసిన తాళం. బ్రేకు బాగుపడితే గానీ ఆ తాళం ఊడదు.

"సరే. కారు మీరే తీసుకురండి, మొదటి గేరులో. రేపు నేను సెలవు పెడతాను. ముందు మెకానిక్కు పింటు షెడ్డుకి వెళ్దాం. దీని సంగతి తేలేదాకా ఇందులో నేనెక్కను, నా కూతుర్ని ఎక్కనివ్వను," అని అటు వస్తున్న ఆటోని ఆపింది. "అత్తయ్యా, మీరు?"

బాలాంబ కొడుకునీ, కారునీ, ఆటోనీ మార్చి మార్చి చూసింది. కొడుకు పక్షం వదలడం ఆవిడ జీవితంలో లేదు. "నాయనా శంకరం," అంది మెల్లిగా ఆటో వైపు నడుస్తూ, "నువ్వూ అమ్మణ్ణీ ఏకంగా రండి. మీ ఇద్దరికీ మాటామాటా అయింది కదా. మద్దిలో నానెందుకు?"

బరంపురం దాకా గౌరీశంకర్ ముందు, ఆటో వెనక. సైకిళ్లు కూడా అమ్మణ్ణిని దాటి వెళ్లాయి.

మర్నాడు లంజిపల్లి జంక్షన్ దగ్గర పింటు షెడ్డుకి చేరారు. పింటు ముప్పయ్యేళ్ల ఒడియా అబ్బాయి. సగం ఊరు తెలుగువాళ్ల బళ్లు బాగుచేసి తెలుగు నేర్చుకున్నాడు.

"కొణ హెలా, మావుసీ?" అన్నాడు వాగ్దేవిని చూసి, పిన్నిని పిలిచినట్టు. "ఏటయింది? సార్ మొహం అలాగుంది?"

జరిగింది వాగ్దేవి చెప్పింది. పింటు బానెట్టు ఎత్తి, తెల్ల బుడ్డి వైపు చూసి, "నిండుగానే ఉందే," అని తలగోక్కున్నాడు. ఆ తరవాత మూత తీశాడు. పెద్ద సిరంజితో కొంచెం పైకి లాగి, వెలుతురుకి పెట్టాడు. చింతపండు పులుసు రంగులో ఉంది.

"ఇది ఎప్పుడు మార్చారు, సార్?"

"మార్చడమేటి? ప్రతి మార్గశిరం పోస్తూనే ఉన్నాను."

"పోయడం కాదు. పాతదంతా తీసేసి కొత్తది. రెండేళ్లకోసారైనా తీసెయ్యాలి."

గౌరీశంకర్ బుడ్డిలోకి తొంగి చూశాడు. పాతది తీసెయ్యడమన్న ఆలోచనే అతనికి ఎన్నడూ రాలేదు. నిండుగా ఉన్నదాన్ని ఎవరైనా ఎందుకు ఖాళీ చేస్తారు?

"నా తప్పు కూడా ఉందాజ్ఞా," అన్నాడు పింటు, 'అండీ'కి బదులు ఒడియా 'ఆజ్ఞా' తగిలిస్తూ. "మీరొచ్చినప్పుడల్లా ఇంజనాయిలు మార్చమంటారు, మారుస్తాను. బ్రేకు బుడ్డి పైనించి చూస్తే నిండుగా ఉంటాది. నేనూ మూత తీయలేదు."

చక్రాలు విప్పాడు. లోపలి ప్యాడ్లు అరిగి అరిగి వడియమంత మందం కూడా లేవు. అవి మార్చాడు. కారు ఇంకా దిమ్మల మీదే ఉంది. ఇప్పుడు పాత ఆయిల్ మొత్తం గొట్టాల్లోంచి బయటికి పంపాలి. అందుకు ఒక మనిషి లోపల కూర్చుని పెడలు తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర చిన్న నట్టు వదులు చేసి, సన్నటి ట్యూబులోంచి సీసాలోకి పట్టాలి.

గౌరీశంకర్ టైర్ల దొంతర మీంచి లేచాడు.

"సార్, మీరొద్దు," అన్నాడు పింటు కంగారుగా. "మీరు రెండుసార్లు తొక్కేస్తారు. నేను చెప్పినప్పుడు ఒక్కసారి తొక్కి, పట్టి ఉంచాలి. మావుసీ, మీరు కూర్చోండి."

అలా వాగ్దేవి అమ్మణ్ణి కుడివైపు సీట్లో కూర్చుంది. ఆయుధపూజకి తుడవడానికి తప్ప ఆ సీట్లో కూర్చున్నది ఆ రోజే. కారుకి చక్రాల్లేవు. అయినా ఆమె సీటు ముందుకి జరుపుకుంది, చీర కుచ్చెళ్లు సర్దుకుంది, అద్దంలో వెనక ఎవరైనా వస్తున్నారేమో చూసింది. వెనక గోడుంది.

"నొక్కండి... పట్టుకోండి... వదలొద్దు... ఆఁ, ఇప్పుడు వదలండి."

సీసా ఆమెకి కిటికీలోంచి కనబడుతోంది. మొదట నల్లటి మడ్డి, దానితో బుడగలు. నొక్కి పట్టినకొద్దీ రంగు తేలిపోయి, చివరికి లేత నువ్వుల నూనెలా తేటగా వచ్చింది. ఒక్కొక్క చక్రం పూర్తయినకొద్దీ ఆమె పాదం కింద పెడలు పైకొచ్చి గట్టిపడింది. పింటు చెప్పకముందే ఆమెకది తెలిసిపోతోంది.

"ఇంతలాగ ఎందుకయింది, పింటూ?"

"నీళ్లు తాగింది, మావుసీ."

"నీళ్లెవరు పోశారు?" అన్నాడు గౌరీశంకర్ ఉక్రోషంగా.

"ఎవరూ పోయక్కర్లేదు సార్. గాల్లో తడి అదే లాక్కుంటాది. మన ఊరి గాలి తెలుసు కదా, సముద్రం పక్కనే. కొండ దిగేటప్పుడు బ్రేకు కాలుతాది. ఆ వేడికి లోపలి నీళ్లు ఆవిరవుతాయి. ఆయిల్ని నొక్కితే నొక్కబడదు, చక్రాన్ని పడతాది. ఆవిరిని నొక్కితే అదే లోపలికి పోతాది."

"అందుకే పూరీలా దిగిపోయింది. చల్లారేక మళ్లీ నీళ్లయిపోయి, పెడలొచ్చింది. అలకా కాదు, ఏటీ కాదు," అంది వాగ్దేవి.

గౌరీశంకర్ ఊరుకోలేదు. "సరే, మార్చేవు కదా. పైన పోయడానికి ఇది వాడు. మా ఇంట్లో ఉన్నదే, భద్రంగా దాచింది," అని చేతిసంచీలోంచి డబ్బా తీసి ఇచ్చాడు.

పింటు పసుపుగుడ్డ కట్టిన డబ్బాని రెండు చేతులా అందుకున్నాడు. కళ్లకద్దుకోబోయి ఆగాడు. "ఏటి సార్ ఇది, ప్రసాదమా?"

"బ్రేకు ఆయిలే. మూత పోయింది. మా అమ్మ వాసెన కట్టింది."

పింటుకి అర్థం కాలేదు గానీ, వాగ్దేవికి ఒక్కసారిగా అంతా అర్థమైంది. సీట్లోంచే నవ్వడం మొదలుపెట్టి, స్టీరింగు మీద తలానించి నవ్వింది.

"ఏటండీ, వానాకాలం అప్పడాల డబ్బాకి మీ అమ్మగారు గుడ్డ కడతారా?"

"అప్పడాలకెందుకు కడుతుంది? మెత్తబడిపోవూ? బిగుతు మూత పెడుతుంది."

"మరి ఇది ఆవకాయ జాతి కాదండీ. అప్పడాల జాతి."

గౌరీశంకర్ డబ్బా వైపు చూశాడు. పలచటి నేతగుడ్డ. ఎన్ని వానాకాలాలు దాని మీంచి పోయాయో! అటక మీద కూర్చుని అది తాగిన తడినంతా, ఏటేటా భక్తిగా, తన చేత్తోనే అమ్మణ్ణికి పోశాడు.

"పోనీ, స్టీరింగు ముందు బ్రేకు ఎర్ర లైటెప్పుడూ వెలగలేదు కదా," అన్నాడు ఆఖరి ప్రయత్నంగా. "ఒక్కరోజు వెలగలేదు."

"ఎలా వెలుగుతాది సార్? కింద ప్యాడ్లు అరిగినకొద్దీ బుడ్డిలో లెవెలు తగ్గుతాది. అదే మనకి కబురు. అది నోరు తెరిచినప్పుడల్లా మీరు పోసేశారు." పింటు బుడ్డి కింద పెచ్చులూడిన రంగు చూపించాడు. "ఇదిగో, ఒలికింది కూడా. రంగు తినేస్తాది ఇది. పడగానే నీళ్లు కొట్టాలి."

"అది ఉప్పుగాలికి పోయిందనుకున్నాను," అన్నాడు గౌరీశంకర్.

చక్రాలెక్కించారు. తను తెరిచిన కొత్త డబ్బాలో మిగిలింది ఇంటికి తీసుకెళ్లొద్దనీ, ఆ సాయంత్రమే ఇంకో బండికి వాడేస్తాననీ పింటు తన దగ్గరే ఉంచుకున్నాడు. పాత డబ్బా కూడా అక్కడే ఉండిపోయింది. వాసెన గుడ్డ ఒక్కటీ విప్పి గౌరీశంకర్ జేబులో పెట్టుకున్నాడు. అమ్మ అడుగుతుందని.

పరీక్షగా ఒక చుట్టు తిప్పుదామని గౌరీశంకరే స్టీరింగు ముందు కూర్చున్నాడు. పక్కన పింటు, వెనక వాగ్దేవి. షెడ్డు దాటేసరికి ఒక ఆవు అడ్డమొచ్చింది. గౌరీశంకర్ కాలు పాత పద్ధతిలో పలకరించింది. అంతే, అమ్మణ్ణి మేకు కొట్టినట్టు ఆగిపోయింది. పింటు నుదురు ముందద్దం దాకా వెళ్లి వచ్చింది. ఆవు కూడా ఉలిక్కిపడింది.

"మెల్లిగాజ్ఞా, మెల్లిగా. ఇప్పుడు గట్టిగా ఉంది."

జంక్షన్ దగ్గర మళ్లీ అదే. వెనక వచ్చే స్కూటరువాడు ఒడియాలో ఏదో అని పోయాడు. తరవాత స్పీడుబ్రేకరు దగ్గర ఇంకోసారి. మెల్లిగా తొక్కుదామనే అనుకుంటున్నాడు మనిషి, కాలు వినట్లేదు. ఎన్నో ఏళ్లు పాతాళం దాకా దిగడం నేర్చుకున్న కాలు అది.

"పలకరింపుకే పని చేసేస్తోంది," అన్నాడు అయోమయంగా.

"అందరి బళ్లూ అంతే సార్," అన్నాడు పింటు నుదురు రుద్దుకుంటూ. "నేనిక్కడ దిగిపోతాను. నడిచెళ్తాను."

గౌరీశంకర్ కారు పక్కకి ఆపాడు. ఇంజను ఆడుతూనే ఉంది. కాసేపు రెండు చేతులూ స్టీరింగు మీద ఉంచి కూర్చున్నాడు. తరవాత తలుపు తీసుకుని దిగి, చుట్టూ తిరిగొచ్చి, పింటు ఖాళీ చేసిన ఎడమ సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. వాగ్దేవి వెనక తలుపు తీసుకుని దిగి, స్టీరింగు వైపు వచ్చింది.

ఆమె కూర్చుని, అద్దం సరిచేసుకుని, బయల్దేరింది. డ్రైవింగ్ స్కూలు కారు ఎలా ఆగేదో అమ్మణ్ణి అలాగే ఆగింది: వేళ్లతో చెప్పినంత, అంతే. గేట్ బజార్ రద్దీలో రిక్షాలు, తోపుడుబళ్లు, పెళ్లి ఊరేగింపుకి వచ్చిన బ్యాండువాళ్లు. ఆమె ఎక్కడికక్కడ ఆపి, దారిచ్చి, మళ్లీ కదిపింది. గౌరీశంకర్ మొహంలో కోపం లేదు. కొత్త చెప్పులు కరిచినవాడిలా తన కుడికాలినే చూసుకుంటున్నాడు. ఆమెకి కొంచెం జాలేసింది. జాలి పడుతూనే, హిల్‌పట్నా మలుపు దగ్గర ఇండికేటరు వేసి తిప్పింది.

గేటు దగ్గర నిలబడ్డ బాలాంబ, కుడివైపు దిగిన కోడల్నీ ఎడమవైపు దిగిన కొడుకునీ చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది.

రాత్రి భోజనాల దగ్గర వాసెన సంగతి బయటపడింది. "పున్నెమనుకుని కట్టినానే కోడలా," అంది బాలాంబ నొచ్చుకుంటూ. "నాకేటి తెల్సును, దానికి గాలి పడదని?"

"పచ్చడికైతే పుణ్యమే అత్తయ్యా."

"అయితే అమ్మణ్ణిని నిండుగా ఉంచక్కర్లేదేటి?"

"గీత దాకా ఉంటే చాలు మామ్మా," అంది సౌందర్య. "తగ్గితే పోసీకూడదు, ఎందుకు తగ్గిందో సూడాలట."

బాలాంబ ముద్ద కలుపుతూ ఆలోచించింది. "బియ్యానికీ అంతే," అంది చివరికి. "తగ్గుతున్నాయంటే ఎవులు తింటున్నారో సూడాల." అని మనవరాలి కంచం వైపు చూసింది.

అందరూ నవ్వాక గౌరీశంకర్ గొంతు సవరించుకున్నాడు. మధ్యాహ్నం నించి మొదటిసారి అతని గొంతులో పాత ధీమా వినబడింది. "నేనాలోచించాను. వాగ్దేవి చెయ్యి బాగానే ఉంది, కాదన్ను. కానీ హైవే వేరు. లారీలు, అవీ. ఓ నెల్లాళ్లు పొద్దున్న నేను పక్కన కూర్చుని ఛత్రపూర్ దాకా వెళ్తాను. సాయంత్రం దాకా అక్కడే ఏదో చెట్టు కింద ఉంటాను. మళ్లీ పక్కన కూర్చుని వస్తాను. నెల పోయాక చూద్దాం."

"మార్గశిరం ఎల్లనీ," అంది బాలాంబ. "పుస్యంలో సూన్నెం. మాగంలో మంచి రోజు సూద్దాం."

"అమ్మా, ఆదివారాలు నాకు నేర్పుతావా?" అంది సౌందర్య.

ముగ్గురూ మాట్లాడుతూనే ఉన్నారు. ఏ చెట్టు కింద కూర్చుంటే నీడుంటుందో, క్యారేజీలో ఏం కట్టుకెళ్లాలో, ఏ తిథి మంచిదో. వాగ్దేవి అందరి కంచాల్లోనూ చారు పోసింది. తన కంచంలోనూ పోసుకుంది. గిన్నె పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది. గొంతు పెంచలేదు, ఎవరి వైపూ ప్రత్యేకంగా చూడలేదు.

"రేపట్నించి ఆఫీసుకి నేను కారులో వెళ్తాను," అంది. "ఒక్కర్తినే."